ఒక బోనులో ఎన్ని కుందేళ్లు?

కుందేళ్ల పెంపకము కొద్ది స్థలములో, కొద్ది పెట్టుబడితో ఇంటిపట్టున సాగించదగిన పని. గట్లమీది గడ్డి, కూరగాయల ఆకులు, కొంచెము దాణా ఉన్న ఇంట ఆడవారు, పిల్లలు కూడ దీనిని చూచుకొనగలరు. అయినను ఈ పనికి పూనుకొన్నవారిలో కొందరు ఏడాది తిరుగక ముందే నష్టపడి విరమించుకొనుచున్నారు. వారి నష్టమునకు కారణము తరచుగా జాతిలోనో, దాణాలోనో గాక, కుందేళ్లను ఉంచిన తీరులోనే కనబడును.

చూచుటకు కుందేలు ఎంతో సాధుజంతువు. అరవదు, పొడవదు, తన్నదు. కావున సంతలో ఒక జతను కొని, రెంటిని ఒకే పెట్టెలో వేసి, అవి స్నేహముగా ఉండునని తలచుట సహజము. నాలుగైదు నెలలు గడచునప్పటికి ఆ పెట్టెలో గాయపడిన మగది, చిక్కిపోయిన ఆడది, తొక్కిడిలో చచ్చిన పిల్లలు మిగులును. ఇందులో కుందేలు తప్పు లేదు. దాని స్వభావము తెలిసికొని వసతి కల్పించినచో ఈ నష్టమంతయు తప్పించుకొనవచ్చును.

బొరియలోని బ్రతుకు

మనము పెంచు కుందేలు మన మెట్టలలో తిరుగు చెవులపిల్లి కాదు. రెంటిని మనము కుందేలనియే పిలుచుచున్నను అవి వేరువేరు జంతువులు. చెవులపిల్లి బొరియ త్రవ్వదు. దాని పిల్లలు కన్నులు తెరచి, బొచ్చుతోనే పుట్టును. దానికి పెంపుడు కుందేలుతో సంతానము కలుగదు. దానిని పట్టి బోనులో పెట్టుట 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. ఈ సంగతి గ్రామాధికారులు అందరికిని తెలియజేయవలెను.

పెంపుడు కుందేలు పూర్వీకులు స్పెయిన్, పోర్చుగల్ దేశముల అడవి కుందేళ్లు. అవి నేలలో బొరియలు త్రవ్వి చిన్న గుంపులుగా నివసించును. గుంపులో కొన్ని మగవి, కొన్ని ఆడవి ఉండును. మగవానిలో ఒకటి పెత్తనము చేయును. ఆడవానిలోను అట్లే ఒకటి పెద్దదై మంచి చోటును తనకు పెట్టుకొనును. చిన్న ఆడవి దూరముగా వేరొక చిన్న బొరియ త్రవ్వుకొని అందులో ఈనును. తల్లి పిల్లల దగ్గరే కూర్చుండదు. రోజుకు సాధారణముగా ఒకసారి వచ్చి, కొద్ది నిమిషములు పాలిచ్చి, ద్వారమును మట్టితో మూసి పోవును.

కావున కుందేలు ఒంటరి జంతువు కాదు. కాని దాని గుంపుకు కట్టుబాట్లు కలవు. ఓడినది పారిపోవుటకు అక్కడ చోటుండును. పెద్దది తరిమినప్పుడు చిన్నది మరొక దారిన తప్పించుకొనును. మేయుటకు మైదానమంతయు ఉండును. బొరియకు దారులనేకము, బోనుకు ఒక్కటే తలుపు, దాని గడియ మన చేతిలో నున్నది. పారిపోవు దారి లేని చోట చిన్న తగవు కూడ పెద్ద గాయమగును. వసతి విషయమున మొదట గ్రహింపవలసినది ఇదియే.

దేనితో దేనిని ఉంచవచ్చును?

మగవి రెండు: మూడు నెలల వయస్సు దాటిన తరువాత రెండు మగవానిని కలిపి ఉంచరాదు. ఒకే ఈతలో పుట్టినవైనను, అంతవరకు కలసి మెలసి పెరిగినవైనను ఈ వయస్సు రాగానే పోట్లాడును. అవి ఒకదాని వృషణములను మరొకటి కొరుకుట తరచు జరుగును. అట్టి గాయము మానినను ఆ పోతు జత కలుపుటకు పనికిరాక పోవచ్చును. మగవాని బోనులు ప్రక్కప్రక్కన ఉన్నచో నడుమ ఒక చెక్క గాని, రేకు గాని అడ్డము పెట్టవలెను. లేనిచో అవి వలగుండ కరచుకొనును. ఒకదానిపై మరొకటి మూత్రము చిమ్ముకొనును.

ఆడవి రెండు: ఇవి మగవానివలె వెంటనే పోట్లాడకపోవచ్చును. అయినను ఈడు వచ్చిన ఆడవానిని కలిపి ఉంచుట లాభకరము కాదు. కుందేలుకు పశువులవలె నియమిత దినములలో అండము విడుదల కాదు; జతకట్టిన 10 – 12 గంటల తరువాత విడుదలగును. ఒక ఆడది మరొక ఆడదానిపై ఎక్కినను ఇదే జరుగవచ్చును. అప్పుడు గర్భము లేకయే గర్భ లక్షణములు కలిగి, సుమారు 16 – 18 దినములు అది నిజముగా చూడి కట్టినట్లే ప్రవర్తించును. తుదకు బొచ్చు పీకి గూడు కట్టును. ఇది ఉత్త చూడి. ఆ దినములన్నియు రైతుకు వృథాయే. నిజముగా చూడి కట్టినవి రెండు ఒకచోట ఉన్నచో గూటి కొరకు పోట్లాడును; ఒకదాని పిల్లలను మరొకటి తొక్కును.

మగది, ఆడది: జత అనగానే అందరును ఈ రెంటిని కలిపి ఉంచుదురు. కుందేలు చూడికాలము 30 – 32 దినములు. ఈనిన రోజుననే అది మరల చూడి కట్టగలదు. కావున మగది బోనులోనే ఉన్నచో మొదటి ఈత పిల్లలు తల్లిపాలు మానక ముందే రెండవ ఈత వచ్చి పడును. ఒక ప్రక్క పాలిచ్చుచు, మరొక ప్రక్క చూలు మోయుచు ఆడది చిక్కి శల్యమగును. మొదటి ఈతలోని ఆడపిల్లలు నాలుగైదు నెలలకే తమ తండ్రివలననో, అన్నదమ్ములవలననో చూడి కట్టును. ఇది ఎంత వేగముగా పెరుగునో ఆస్ట్రేలియా దేశము ఎరుగును. 1859లో థామస్ ఆస్టిన్ అను భూస్వామి వేట కొరకు విక్టోరియా ప్రాంతములో సుమారు రెండు డజనుల కుందేళ్లను విడిచిపెట్టగా, కొద్ది దశాబ్దములలో అవి ఆ ఖండములో చాల భాగము నిండి పంటలను, పచ్చికబయళ్లను నాశనము చేసినవి. కావున పెంచలేనివారు కూడ కుందేళ్లను పొలములో వదలరాదు, పెంచువారికి ఇచ్చివేయవలెను.

తల్లి, పిల్లలు: 5 – 6 వారముల వరకు కలసి ఉండవలెను. తరువాత వేరుచేయవలెను.

పిల్లలు: తల్లి నుండి వేరుచేసిన పిల్లలను మూడు నెలల వయస్సు వరకు నాలుగేసి చొప్పున కలిపి ఉంచవచ్చును. ఇది వానికి మంచిది కూడ. ఒకదానికొకటి ఆనుకొని వెచ్చగా పడుకొనును. ఒకదానిని చూచి మరొకటి మేత నేర్చుకొనును. అయితే మగవానిని, ఆడవానిని వేరువేరుగా ఉంచవలెను.

ఐరోపా దేశములలో పెద్ద ఆడకుందేళ్లను గుంపుగా ఉంచు పద్ధతిపై పరిశోధనలు జరిగినవి. స్విట్జర్లండులో కొన్ని ఫారములందు అది ఆచరణలో కూడ నున్నది. వానికి విశాలమైన గదులు, ఎక్కి కూర్చుండుటకు అరలు, దాగుటకు చాటులు కల్పింతురు. అంతటి వసతి ఉన్నచోట కూడ ఆడవాని నడుమ పోట్లు, గాయములు పెద్ద చిక్కుగనే యున్నవి. మన పెరటి బోనులలో ఆ పద్ధతికి చోటు లేదు. పెద్ద కుందేలు ఒక్కొక్కదానికి ఒక్కొక్క బోను ఉండవలెను. ఆడవాని బోనులను వరుసగా దగ్గర దగ్గర అమర్చినచో వల గుండ ఒకదానినొకటి చూచుకొనుచు, వాసన తెలిసికొనుచు ఉండును. తోడు కొరకు అది చాలును.

బోనుల కొలతలు

పెద్ద మగదానికి 4 చదరపు అడుగులు, ఈను ఆడదానికి 5 చదరపు అడుగులు, పెరుగు పిల్లకు ఒక్కొక్కదానికి ఒకటిన్నర చదరపు అడుగు నేల ఉండవలెను. ఈ లెక్కను క్రింది కొలతలతో బోనులు చేయించుకొనవచ్చును.

1. మగదానికి: 2 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు.
2. ఆడదానికి: రెండున్నర అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు.
3. నాలుగు పిల్లలకు: 3 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు.

అన్నింటికిని ఎత్తు ఒకటిన్నర అడుగునకు తగ్గరాదు. ఇవి కనీసపు కొలతలు. చోటు ఇంకను ఎక్కువ ఇచ్చుట మంచిదే. బోనులను నేలనుండి 3 అడుగుల ఎత్తున నిలిపినచో పెంటికలు క్రింద పడిపోవును, కుక్కలు, పిల్లులు అందుకొనలేవు. నిలువు కంబములకు రేకు చుట్టినచో ఎలుకలు ఎక్కలేవు. అడుగున అర అంగుళము వెడల్పు, ఒక అంగుళము పొడవు కన్నులు గల గట్టి తీగెవల వేయవలెను. కన్నులు పెద్దవైనచో కాళ్లు ఇరుకుకొనును; చిన్నవైనచో పెంటికలు జారవు. తీగెమీదనే ఎల్లప్పుడు కూర్చున్నచో మడమలు పుండ్లు పడును. ఒక మూల అడుగు పొడవు పలక వేసినచో దానిమీద పడుకొనును. ఆ పలకను వారమునకొకసారి కడిగి ఎండబెట్టవలెను.

కుందేళ్లను కొనక ముందే బోనుల లెక్క వేసికొనుట అవసరము. ఒక మగదానితోను, ఐదు ఆడవానితోను పని మొదలు పెట్టు రైతు ఆరు బోనులు చాలునని తలచును. లెక్క చూడుడు. ఐదు ఆడవి ఒకే కాలమున ఈని, ఒక్కొక్కటి ఆరేసి పిల్లలను నిలిపినచో ముప్పది పిల్లలగును. వానిని ఐదు వారములకు వేరుచేసి, సుమారు మూడు నెలల వయస్సున అమ్మునంతవరకు ఉంచుటకు నాలుగేసి చొప్పున ఎనిమిది బోనులు కావలెను. జబ్బుపడిన దానికి గాని, కొత్తగా వచ్చిన దానికి గాని దూరముగా ఒకటి కావలెను. మొత్తము పదునైదు బోనులు. మూడు నెలలు దాటియు అమ్ముడుపోని ప్రతి కుందేలుకు మరొక బోను కావలెను. ఆరు బోనులతో మొదలుపెట్టినవాడు మూడవ నెలలో పిల్లలను ఎక్కడ పెట్టుటకును తోచక అన్నింటిని కలిపి వేయును, నష్టమక్కడనే ప్రారంభమగును. చేతిలో సొమ్ము తక్కువైనచో ఒక మగదానితో, రెండు ఆడవానితో మొదలుపెట్టుట మేలు. కొనువారెవరో ముందుగా విచారించుకొనిన తరువాతనే సంఖ్య పెంచవలెను.

జత కలుపుట, ఈనుట

మధ్యరకపు జాతులలో ఆడది ఐదారు నెలలకు జతకు సిద్ధమగును. ఎల్లప్పుడు ఆడదానినే మగదాని బోనులోనికి తీసికొనిపోవలెను. ఆడది తన బోనులోనికి వచ్చిన మగదానిని కరచి తరుమును. మగది కూడ కొత్తచోట తన పని మాని మూలలు వాసన చూచుచు, గడ్డము రాచుచు కాలము గడపును. ఆడది సిద్ధముగా నున్నచో కొద్ది నిమిషములలోనే పని ముగిసి, మగది ప్రక్కకు ఒరిగి పడును. వెంటనే ఆడదానిని తిరిగి తన బోనులో ఉంచి తేదీ వ్రాసికొనవలెను. ఆడది మూలకు నక్కినను, కరవబోయినను బలవంతము చేయక మరునాడు ప్రయత్నింపవలెను. రెంటిని రాత్రంతయు కలిపి ఉంచి తెల్లవారి చూతమనుకొనరాదు.

రెండు మూడు ఆడవానిని ఒకే రోజున జత కలుపుట మంచి పద్ధతి. అవి ఇంచుమించు ఒకే రోజున ఈనును. ఒకదానికి పది పిల్లలు, మరొకదానికి నాలుగు పుట్టినచో మొదటి రెండు మూడు దినములలో కొన్నింటిని మార్చి రెంటిని సరిచేయవచ్చును. కుందేలుకు సాధారణముగా ఎనిమిది చనుకట్లే ఉండును గనుక అంతకు మించిన పిల్లలు పాలు చాలక చచ్చును. పరాయి పిల్లలను గూటి బొచ్చులో కలిపి కొంతసేపు ఉంచినచో తల్లి భేదము చూపదు.

జతకట్టిన 27వ లేక 28వ రోజున ఈనే పెట్టెను బోనులో పెట్టవలెను. దాని పొడవు సుమారు 20 అంగుళములు, వెడల్పు 12 అంగుళములు, ఎత్తు 12 అంగుళములు ఉండి, ముందు ప్రక్క తల్లి దూకుటకు వీలుగా సగము తగ్గించి ఉండవలెను. లోపల కొబ్బరి పీచు గాని, మెత్తని ఎండుగడ్డి గాని పరువవలెను. తల్లి తన బొచ్చు పీకి పైన కప్పును. ఈనిన తరువాత తల్లి పెట్టె బయటనే కూర్చున్నదని కంగారుపడి దానిని పిల్లలపై బలవంతముగా కూర్చుండబెట్టరాదు. బొరియలోవలెనే రోజుకు ఒక పర్యాయము పాలిచ్చుట దాని అలవాటు. ఉదయమున పిల్లల పొట్టలు నిండుగా ఉన్నచో అంతయు సవ్యముగా నున్నట్లే. ఆ దినములలో సద్దు చేయుట, కుక్కలను దగ్గరకు రానిచ్చుట, నీరు లేకుండ చేయుట వలన తల్లి పిల్లలను తొక్కుటయో, తినుటయో జరుగవచ్చును.

పిల్లలను వేరుచేయుట

పిల్లలు 10 – 12 దినములకు కన్నులు తెరచును. మూడు వారములకు పెట్టె దాటి వచ్చి మేత కొరుకును. ఐదారు వారములకు తల్లిని తీసివేయవలెను. అప్పుడే మగ, ఆడ తేడా చూడవలెను. పిల్లను వెల్లకిల పట్టుకొని మర్మస్థానముపై రెండు వ్రేళ్లతో మెల్లగా ఒత్తినచో మగదానికి గుండ్రని గొట్టమువలెను, ఆడదానికి నిలువు చీలికవలెను కనబడును. పది వారములకు మరల ఒకసారి చూడవలెను, ఏలననగా చిన్న వయస్సున పొరపాటు పడుట సులభము. అమ్మువాడు చెప్పినంత మాత్రమున నమ్మరాదు.

రెండు ఈతల పిల్లలను కలుపదలచినచో ఈడు, బరువు సమానముగా నున్నవానినే, ఒకే రోజున, అన్నింటికిని కొత్తదైన బోనులో వేయవలెను. కలసి ఉన్న నాలుగింటిలో తరువాత ఐదవదానిని తెచ్చి వేసినచో నాలుగును దానిపై బడును.

కలసి ఉన్న పిల్లలను ప్రతి ఉదయమును పరికింపవలెను. బోనులో బొచ్చు కుచ్చులు పడియున్నను, చెవులపై, వీపుపై గాట్లున్నను, ఒకటి ఎప్పుడును మూలనే నక్కి మిగిలినవి తిని వెళ్లిన తరువాత మేతకు వచ్చుచున్నను ఆ బోనులో తగవున్నదని గ్రహింపవలెను. మేతతొట్టి నాలుగును ఒకేసారి తల పెట్టునంత పొడవు ఉండవలెను. వారమునకొకసారి త్రాసులో తూచి బరువు వ్రాసికొనవలెను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని వాదించుట కంటె త్రాసు చెప్పు మాట వినుట మేలు. మూడు బరువు పెరిగి, నాలుగవది తగ్గినచో దానిని ఆనాడే వేరుచేయవలెను. తరిమెడు పోతు ఏదియో తెలిసినచో దానినే తీసివేయవలెను.

వేసవి

కుందేలుకు చెమట పట్టదు. చెవులనుండి, శ్వాసనుండి వేడిని పోగొట్టుకొనును. 15 నుండి 25 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమి దానికి హాయి. 30 దాటిన తరువాత కష్టము, 35 దాటిన తరువాత ప్రాణభయము కలుగును. మన జిల్లాలలో వేసవిలో 40 డిగ్రీలు దాటుట సామాన్యమే. ఇరుకు బోనులో నాలుగు కలసి ఉన్నచో ఒకదాని వేడి మరొకదానికి తగిలి అన్నియు రొప్పును. కావున వేసవిలో పిల్లలను కూడ రెండేసి చొప్పున ఉంచుట మంచిది. పాకపై తాటాకు దట్టముగా కప్పి, ఎండప్రక్క గోనెపట్టలు కట్టి తడుపవలెను. గాలి ఆడునట్లు మిగిలిన ప్రక్కలు విడువవలెను. మట్టిముంతలలో చల్లని నీరు రోజుకు రెండు మూడు మార్లు పోయవలెను. గట్టి ఎండదెబ్బ తగిలిన మగది కొన్ని వారములపాటు సంతానము నీయజాలదు. అప్పుడు జత కలిపి ఆడదానిదే లోపమనుకొనరాదు.

వ్యాధులు

కలసి ఉన్నవానికి రోగము కూడ కలసియే వచ్చును. ఒకటి నుండి మూడు నెలల పిల్లలకు కాక్సిడియా వ్యాధి ముఖ్య శత్రువు. పారుడు, పొట్ట ఉబ్బుట, చిక్కిపోవుట దీని గుర్తులు. పెంటికలలో పడిన క్రిములు ఒకటి రెండు దినములు బయట ఉన్న తరువాతనే ఇతర పిల్లలకు అంటుకొను శక్తి పొందును. కనుక బోను అడుగును, మేతతొట్టిని ప్రతిదినము శుభ్రముచేసి పొడిగా ఉంచినచో సగము వ్యాధి తొలగినట్లే. మేతను అడుగున పరువక తొట్టిలోనో, వలబుట్టలోనో వేయవలెను. చెవులలో, ముక్కుపై, పాదములపై పక్కులు కట్టు గజ్జి ఒకదానినుండి మరొకదానికి త్వరగా ప్రాకును. కనబడగానే వేరుచేసి పశువైద్యుని వద్ద చికిత్స చేయించవలెను. కొత్తగా కొన్న కుందేలును కనీసము రెండు వారములు దూరపు బోనులో ఉంచి, దాని పని ఆఖరున చేసి చేతులు కడుగుకొనవలెను. కోళ్లను, కుందేళ్లను ఒక గదిలో కలిపి పెంచరాదు.

ముచ్చటకు పెంచువారికి

పిల్లల ముచ్చట కొరకు రెండు కుందేళ్లను పెంచువారు కూడ పై నియమములే పాటింపవలెను. రెంటిని తప్పక కలిపి ఉంచదలచినచో, మగదానికి పశువైద్యునిచేత వృషణములు తీయించి, ఒక ఆడదానితో ఉంచుట అన్నిటికంటె కుదురైన జత. అయితే శస్త్రచికిత్స జరిగిన తరువాత కూడ నాలుగు నుండి ఆరు వారములవరకు అది సంతానము కలిగింపవచ్చును. అంతవరకు వేరుగా ఉంచవలెను. ఆ పిమ్మట రెంటి బోనులను ప్రక్కప్రక్కన పెట్టి కొన్ని దినములు గడచిన మీదట, రెంటికిని కొత్తదైన చోట, మనము చూచుచుండగా కొద్దిసేపు కలుపుచు అలవాటు చేయవలెను. మేతతొట్లు రెండు, నీటిముంతలు రెండు, దాగుటకు రెండు దారులు గల పెట్టె ఒకటి ఉండవలెను. పిల్లలు కుందేలును చెవులు పట్టి ఎత్తకుండ నేర్పవలెను. భుజములపై వదులు చర్మమును ఒక చేతితో పట్టి, రెండవ చేతిని పిరుదుల క్రింద ఆనించి ఎత్తవలెను. ఆధారము లేక కాళ్లు ఝాడించినచో కుందేలు నడుము విరుగును.

పెంపకమునకు మంచి జాతి కుందేళ్లను కోరువారు తమిళనాడులోని మన్నవనూరు పరిశోధన కేంద్రము సంగతి తెలిసికొనదగును. ఇది రాజస్థాన్ రాష్ట్రము అవికానగర్‌లోని కేంద్ర గొఱ్ఱెలు, ఉన్ని పరిశోధన సంస్థకు చెందినది. వైట్ జెయింట్, సోవియట్ చించిల్లా జాతులపై అక్కడ పని జరుగుచున్నది. మీ సమీప కృషి విజ్ఞాన కేంద్రమువారిని, పశువైద్యుని కూడ సంప్రదింపవచ్చును. ఎక్కడ కొన్నను కుందేళ్లను ఇంటికి తెచ్చు నాటికే బోనులన్నియు సిద్ధముగా ఉండవలెను.